మారుతాళం

మా ఆయన ఏ తాళాన్నయినా చిటికెలో తీసేస్తారు. కాగితం మాత్రం ఆయనకు కొరకరాని కొయ్య. ఆ మాట అంటే ఒంటికాలి మీద లేస్తారు. తాళాల కొట్టు లైసెన్సు పొడిగించమని ఆయన స్వయంగా నింపిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. ‘వ్యాపారం’ అని ఉన్న వేలెడు గడిలో మా మామగారి కాలం నుంచీ చేసిన తాళాల చరిత్రంతా రాశారు మరి. చోటు చాలక అంచుల వెంబడి కాగితం తిప్పి తిప్పి రాశారు. మూడోసారి కూడా తప్పు వస్తే కొట్టు మూసుకోవాల్సిందేనని నోటీసు వచ్చింది. గడువు నెలాఖరు.

ఆ కొట్టులో కూర్చోవడం మానేసిన రోజున ఈ మనిషి మంచం పడతారు. నాకు నిజంగానే భయమేసింది. అందుకే వాకబు చేసి, మరో నాలుగు కొట్ల కాగితాల పని చూసే ఒకావిడను కుదిర్చాను. వారానికి రెండు రోజులు వస్తుంది. మాటలు తక్కువ. వచ్చిన రోజే బీరువాలో కాగితాలన్నీ సర్ది, “ఇకనుంచి దీని తాళంచెవి నా దగ్గరే ఉండాలండీ” అంది. మా ఆయన బుద్ధిమంతుడిలా తీసి ఇచ్చారు. నేను ముక్కున వేలేసుకున్నాను. ఇచ్చేముందే దానికి అచ్చం అలాంటిదే మరో చెవి, మారుతాళం, కోసి జేబులో వేసుకున్నారని నాకేం తెలుసు!

ఆవిడ రాని రోజు మధ్యాహ్నం భోజనం తీసుకుని వెళ్ళాను. బీరువా బార్లా తెరిచి ఉంది. ఈయన పెన్ను పట్టుకుని దరఖాస్తు ముందు కూర్చున్నారు.

“ఏం చేస్తున్నారు?”

“సాయం చేస్తున్నా. తాళాల తయారీ, మరమ్మతు అని రెండు ముక్కలు రాసి ఊరుకుందావిడ. మా నాన్న ఊసే లేదు. ఇలా రాస్తే ఎవరు ఒప్పుకుంటారు?”

“ముందు ఆ పెన్ను కింద పెట్టండి” అన్నాను. అప్పటికే గడి నిండిపోయింది.

మర్నాడు ఆవిడ వచ్చింది, చూసింది. కొత్త దరఖాస్తు తీసి మళ్ళీ మొదటినుంచీ రాసుకుంది. తర్వాత లేచి, బేరానికి వచ్చినవాళ్ళు నిలబడే చోటికి వెళ్ళి నిలబడింది.

“మాస్టారూ, ఒక తాళం కావాలి. నేను పనిచేసే చోట ఎవరో బీరువా తెరిచి కాగితాలు పాడుచేస్తున్నారు.”

మా ఆయన బల్ల మీది పనిముట్లు సర్దడం మొదలుపెట్టారు. “ఎవరంటారు?”

“తెలీదండీ. నీలం సిరా, కోడిగీతలు. మారుతాళం కోయడంలో మాత్రం చెయ్యి తిరిగినవాళ్ళు. అలాంటివాళ్ళకి కూడా లొంగని తాళం మీరు చేయగలరా అని.”

నేను గోడవైపు తిరిగి నవ్వుకున్నాను. ‘చేయలేను’ అనే మాట ఆ నోటివెంట ఇంతవరకూ రాలేదు.

“మూడు రోజులు టైమివ్వండి” అన్నారు.

మూడు రోజులూ తిండి ధ్యాస లేదు. మూడో రోజు చూద్దును కదా, కొత్త తాళానికి రెండో చెవి కూడా ఆకురాయితో అరగదీస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. “మళ్ళీ మొదలుపెట్టారా?” అన్నాను. ఆయన ఆకురాయి ఆపలేదు. ఆవిడ రాగానే కొత్త తాళం బీరువాకి బిగించి, చెవులు రెండూ ఆవిడ ముందు పెట్టి, కొలతలు రాసుకున్న చీటీ చింపేశారు.

“ఒకటి నా దగ్గరుంటే ఇంత తాళం చేసి లాభమేముంది” అన్నారు.

ఆ పౌరుషం రెండు రోజులే. మూడోనాడు తీగలూ పుల్లలూ ముందేసుకుని బీరువాకి తల ఆనించి కనబడ్డారు. నన్ను చూసి, “నువ్వు చూడలేదనుకో” అన్నారు. భోజనాల వేళ నుంచి టీ వేళ దాకా కుస్తీ పట్టారు. చొక్కా తడిసి ముద్దయింది. చివరికి నేలమీద చతికిలబడి, “తెరుచుకోవట్లేదే. నేను చేసింది నాకే తెరుచుకోవట్లేదు, చూశావా” అన్నారు. అది ఏడుపో గొప్పో నాకు అర్థం కాలేదు. రెండు గ్లాసుల మంచినీళ్ళు ఇచ్చాను.

ఆవిడ తను రాసిన దరఖాస్తు పట్టుకెళ్ళి ఇచ్చింది. గడువుకు నాలుగు రోజుల ముందే లైసెన్సు వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఆ రెండు ముక్కలకే ఇచ్చేశారా?”

“అంతేనండీ” అంది ఆవిడ.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేకు తనే కొట్టి గోడకు తగిలించారు. నాకూ గుండె కుదుటపడింది.

అప్పుడు ఆవిడ అంది: “మాస్టారూ, అలాంటి తాళాలే ఇంకో నాలుగు కావాలి. నేను చూసే మిగతా కొట్లకి.”

“అక్కడా దొంగలేనా?”

“దొంగలు కాదండీ, యజమానులు.”

మా ఆయన ఆకురాయి చేతిలోకి తీసుకుంటూ, “ఛ, ఏం మనుషులో. పని ఒకరికి అప్పగించాక నమ్మకం ఉండొద్దూ” అన్నారు.

ఆవిడ తల వంచుకుని రాసుకుంటోంది. నేను గిన్నెలు సర్దుకుంటున్నాను. కాసేపటికి ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి పాత మారుతాళం తీసి పాత ఇనుము డబ్బాలో పడేశారు. అది టంగుమంది. మేమిద్దరం విన్నాం, తలెత్తలేదు.