రెండు సీసాలు, ఒక ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. వెండి వంశంలో పుట్టినదానిని కాను. స్టీలు రేకును అచ్చులో పెట్టి ఒక్క దెబ్బతో నొక్కగా, ఒకే ఉదయం నాతోపాటు నాలుగు వందల ఉగ్గుగిన్నెలు పుట్టాయి. మా అందరి జన్మనక్షత్రం ఒకటే. జాతకాలు మాత్రం వేరు. కొన్ని బారసాలల్లో కానుకలయ్యాయి. కొన్ని, పాపం, పోపులపెట్టెలో ఆవాలు కొలుస్తున్నాయి. నన్ను ఒక అమ్మమ్మ తన మనుమడి కోసం కొని, గోదావరి తీరాన ఉన్న ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి తీసుకొనివచ్చింది. మనుమడు నన్ను చూడగానే పెదవులు బిగించాడు. ఇంటికి వెళ్ళే హడావిడిలో ఆ కుటుంబంవారు ఫ్లాస్కును, చాపను, చివరకు దిష్టి తీసిన నిమ్మకాయను సైతం జ్ఞాపకం ఉంచుకొని, నన్ను కిటికీ అంచున మరచిపోయారు.

నన్ను చేరదీసినది నూకరత్నం. పసిపిల్లల వార్డులో ఇరవై ఆరేళ్ళుగా ఆయా.

“ఇంత బంగారం లాంటి దాన్ని వదిలేసి పోయేరు సూడు! రావే, ఈడ నీకు బోల్డంత మంది పిల్లలు,” అని నన్ను కొంగుతో తుడిచింది. ఆనాటి నుండి నేను ప్రభుత్వోద్యోగిని. పింఛను లేదు గాని పదవీ విరమణ భయమూ లేదని అప్పట్లో నమ్మేదానిని.

ఆ వార్డులో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక పరీక్ష కోసం మడమలో సూది గుచ్చి రక్తపు బొట్టు తీస్తారు. బిడ్డ మిన్ను విరిగి మీద పడినట్టు ఏడుస్తుంది. కొన్ని దశాబ్దాల క్రిందటి వరకు పెద్ద పెద్ద వైద్యులే పసికందులకు నొప్పి సరిగా తెలియదని నమ్మేవారట. ఆ నమ్మకం విషయమై ఏ పసికందు అభిప్రాయాన్నీ తీసుకొన్నట్టు లేదు. మా వార్డులో పై చదువు చదువుతున్న యువ వైద్యురాలు డాక్టర్ సౌదామిని మాత్రం ఈ ఏడుపును ప్రశ్నగా స్వీకరించింది. సూదికి రెండు నిమిషాల ముందు నాలుగు చుక్కల తీపి నీరు నాలుకపై వేస్తే నొప్పి తగ్గుతుందని ఇతర దేశాలవారు రాశారు. మన వార్డులో తగ్గుతుందా? తగ్గితే ఇకమీదట ప్రతి బిడ్డకూ ఆ చుక్కలు ఇప్పిస్తానని సూపరింటెండెంటు మాట ఇచ్చాడు. తగ్గకపోతే ఆ ఊసే ఎత్తవద్దన్నాడు. ఆమె పట్టా కూడా ఈ పరిశోధనపైనే ఆధారపడి ఉన్నది.

పరిశోధన అంటే మనుషులు తమ మీద తమకు నమ్మకం లేదని ఒప్పుకొని, ఆ అపనమ్మకానికి నియమావళి రాసుకోవడం. రోజూ రెండు చిన్న సీసాలు సీలు వేసి వచ్చేవి. ఒకదానికి ఎర్ర చీటీ, ఒకదానికి నీలి చీటీ. ఒకదానిలో తీపి నీరు, ఒకదానిలో ఉత్త నీరు. ఏది ఏదో డాక్టరుకు తెలియదు, నర్సుకు తెలియదు, తల్లికి తెలియదు. ఆ రహస్యం కవరులో పెట్టి, ఆ కవరు బీరువాలో పెట్టి, ఆ బీరువా తాళం ప్రొఫెసర్ దైవసహాయం గారి జేబులో పెట్టారు. ఏ బిడ్డకు ఏ రంగో కాగితం చెప్పేది. నూకరత్నం తెర వెనుక ఆ రంగు సీసాలోని నీరు నాలో పోసి ఇచ్చేది. డాక్టర్ సౌదామిని బిడ్డ నోట్లో వేసి, రెండు నిమిషాలాగి, సూది గుచ్చి, ఏడుపును గడియారంతో కొలిచేది.

మూడవ రోజు ఉదయానికి నూకరత్నానికి రహస్యం తెలిసిపోయింది. ఎవరు చెప్పారన్నది తరువాత వస్తుంది. తెర వెనుక ఆమె నీలి సీసాను ఎత్తిపట్టి చూసి, నాతో అన్నది:

“ఉత్తి నీళ్ళంట ఇయ్యి! సూదేమో ఇద్దరికీ ఒకటే, తీపి మాత్రం ఒకళ్ళకేనా? ఇదేం నాయమే?”

ఆ రోజు మొదలు కాగితం ఎర్రన్నా నీలమన్నా నాలోకి ఎర్ర సీసాయే వంగింది. నాకు నాలుక లేదు గాని తీపి తెలియనంత మొద్దును కాను. చెప్పడానికి నోరు లేకపోయింది. ఉండి ఉన్నా చెప్పేదానిని కానేమో. బిడ్డలు ఒకరి వెనుక ఒకరు ఏడుపు మొదలుపెట్టబోయి, ఎందుకో మనసు మార్చుకొని ఊరుకొనేవారు. నూకరత్నం తెర సందులోంచి చూసి మురిసిపోయేది. నేనూ మురిశాను.

ఎనభై మంది బిడ్డలు పూర్తయ్యాక, పరిశోధన ఎలా సాగుతున్నదో చూసే సమీక్షా సంఘం సమావేశమైంది. దైవసహాయం గారు కాగితాలు రెండుసార్లు తిప్పి కళ్ళజోడు తీశారు.

“సౌదామినీ, రెండు గుంపుల్లోనూ ఏడుపు ఒకటేనమ్మా. తేడా లేదు. ఇక ఆపేద్దాం. సూపరింటెండెంటు గారికి నేనే రాస్తాను.”

ఆమె కాగితాలను తన వైపు తిప్పుకొన్నది. “సర్, ఇంకో నలభై మందిని చూద్దాం సర్.”

“నూట ఇరవై మంది చెప్పేది ఎనభై మంది చెప్పలేదా?”

ఆ సంఘంలో బయటి సభ్యురాలిగా కాత్యాయని గారనే రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఉన్నారు. అద్దకం మిల్లుల నుంచి వచ్చే రంగు నీళ్ళను వేరుశనగ పొట్టు బొగ్గుతో శుభ్రం చేసే పరిశోధన ఆమెది. వైద్యుల సభలో ఆమెను టీ కావాలా అని తప్ప ఎవరూ ఎప్పుడూ మరేదీ అడిగేవారు కాదు.

“నాకు వైద్యం తెలీదండీ,” అన్నారామె. “మురికి నీళ్ళ మనిషిని. మా ట్యాంకులోంచి వింత నీళ్ళు బయటికొస్తే, అసలు లోపలికి ఏం పోశామో ముందు చూసుకుంటాం. మీరు పోసిందేదో చూశారా?”

వాడిన సీసాలను పరిశోధన ముగిసేదాకా దాచాలన్నది నియమం. వాటిని తిరిగి చూడాలన్న నియమం ఎవరూ రాయలేదు. సీసాల పెట్టె వచ్చింది. ఎర్ర సీసాలన్నీ మూత విప్పినవి. నీలి సీసాలలో మొదటి రెండు రోజులవి తప్ప మిగిలినవన్నీ సీలైనా విడవకుండా, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు బుద్ధిగా ఉన్నాయి.

నూకరత్నాన్ని పిలిచారు. చేతిలో పళ్ళెం, అందులో నేను.

“నేనేనండి,” అన్నది, అడగకముందే. “అందరికీ ఎర్రదే పోసేనండి.”

“ఏది తీపిదో నీకెవరు చెప్పారు?” దైవసహాయం గారి చేయి అప్రయత్నంగా జేబులోని తాళాన్ని తడిమింది.

“సీమలండి.”

“ఎవరు?”

“సీమలండి బాబూ. తమరు కవరు బీరువాలో పెట్టి తాళమేసేరు గానీ, పళ్ళెంలో ఒలికిన బొట్టు తుడిపించలేదు కదండీ. ఎర్ర బొట్టు కాడ బారులు కట్టేసేయి. నీలం బొట్టు వంక ఒక్కటీ సూళ్ళేదు.”

కాత్యాయని గారు టీ కప్పును ముఖానికి అడ్డం పెట్టుకొన్నారు. డాక్టర్ సౌదామిని నవ్వలేదు.

“నూకరత్నమ్మా, నువ్వు కనికరించింది మహా అయితే నలభై మందిని. తేడా లేదని రాసేస్తే రేపట్నించి పుట్టే వేల మందికి ఆ చుక్క దక్కదు. తెలుస్తోందా?”

నూకరత్నం నన్ను పళ్ళెంతో సహా బల్ల మీద పెట్టింది.

“నాకు ఆ ముక్క ఎవరూ సెప్పలేదమ్మా,” అన్నది.

నిజమే. అన్నిటినీ అందరి నుండీ దాచే ఏర్పాటులో, ఎందుకు చేస్తున్నామో కూడా ఆమె నుండి దాచివేశారు. చదువుకొన్నవారి జాగ్రత్తకు ఒక్కొక్కప్పుడు అంతే పరిమితి ఉంటుంది.

“ఎనభై మంది వివరాలూ కొట్టేయాలి,” అన్నారు దైవసహాయం గారు. “మళ్ళీ మొదటి నుంచి. ఈసారి పట్టా పరీక్షకు నీ పేరు వెళ్ళదమ్మా సౌదామినీ.”

“ఆరు నెలలే కదా సర్,” అన్నది ఆమె. “చేస్తాను.”

“మళ్ళీ సెయ్యండి,” అన్నది నూకరత్నం. “ఈసారి కాయితం ఏమంటే అదే పోత్తాను, నా బిడ్డల మీద ఒట్టు. ఉత్తి నీళ్ళు మాత్రం నా సేత పోయించకండి.”

“మరి దేనితో పోల్చమంటావు?” అన్నారు దైవసహాయం గారు.

“పక్క మంచమ్మీద తల్లుంది కదండీ! బిడ్డని అక్కణ్ణించి లాక్కొచ్చి బల్ల మీద పడుకోబెట్టి గుచ్చుతారు. ఒళ్ళో పాలు తాగతా ఉండగా గుచ్చకూడదేటండీ?”

దైవసహాయం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకొన్నారు. “ఆ విషయం పుస్తకాల్లో ఉంది.”

“పుస్తకాల్లో ఉంటే మరి వార్డులోకి రాలేదేటండీ?”

సంఘం ఆమె అన్నట్టే చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

రెండవసారి సగం మంది బిడ్డలకు నా తీపి చుక్కలు, సగం మందికి తల్లి రొమ్ము. ఉత్త నీటి సీసా లేదు. ఏ బిడ్డా వట్టి నాలుకతో సూదికి ఎదురు వెళ్ళలేదు. పందెంలో నేనే గెలుస్తానని నమ్మకంగా ఉన్నాను. నూట ఇరవయ్యవ బిడ్డ తరువాత లెక్క తేలింది. తీపి చుక్కల పిల్లలు, వెనుకటి రోజుల్లో వార్డు విన్న ఏడుపుతో పోలిస్తే, ఎంతో తక్కువ ఏడ్చారు. తల్లి ఒడిలోని పిల్లలు అంతకన్నా తక్కువ ఏడ్చారు. సూపరింటెండెంటు మాట నిలబెట్టుకొన్నాడు. ఇకమీదట సూది తల్లి మంచం వద్దకే వెళ్ళాలి. తల్లి పాలివ్వలేని స్థితిలో ఉంటేనే చుక్కలు.

సొంత ఉద్యోగం అనవసరమని దగ్గరుండి నిరూపించిన గిన్నె మరొకటి ఉంటుందని నేననుకోను.

ఆ నియమం వచ్చిన మొదటి రోజున ఒక తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని పాలిస్తూ కళ్ళు గట్టిగా మూసుకొన్నది. సౌదామిని బిడ్డ మడమను వేళ్ళతో వెచ్చబరచి, గుచ్చింది. కాలు ఒక్కసారి అదిరింది. పెదవులు ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

“గుచ్చేశారా?” అన్నది తల్లి, కళ్ళు తెరవకుండానే.

“అయిపోయిందమ్మా.”

ఏడుపు కొలవడానికి అలవాటుగా పట్టుకొన్న గడియారాన్ని సౌదామిని చూసుకొని, జేబులో వేసుకొన్నది.

నన్ను ఆ పూట ఎవరూ ముట్టుకోలేదు. అయినా నూకరత్నం వాడిన సామానుతోపాటు నన్ను కూడా మరిగే నీళ్ళలో వేసి తీసింది.

“నీకు పని లేకపోతేనే మంచిదే,” అని, నన్ను తెల్లని గుడ్డ మీద బోర్లించింది.

అలా బోర్లా ఉండి, పక్క మంచం మీద నుండి వచ్చే చిన్న చిన్న గుటకల చప్పుడు వింటూ, నేను మెల్లగా ఆరాను.