నాలుగో వరసలో నీడ

శనివారం పొద్దున ఆరున్నరకల్లా రొవీనా స్టబ్స్ తను చదివే హాల్‌స్టెడ్ యూనివర్సిటీ భోజనశాలలో గుడ్లు కొడుతూ ఉంటుంది. మామూలు రోజైతే ఆరు వందలు, బంతి చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజైతే తొమ్మిది వందలు. అయోవా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ ఊళ్ళో ఖాళీ కడుపుతో స్టేడియంకి వెళ్ళేవాడు ఎవడూ ఉండడు. పెనం మీద పచ్చసొన చితికిపోతే రొవీనా "సారీ" అంటుంది. పక్కవాళ్ళకి కాదు, గుడ్డుకి. అలాంటి పిల్ల.

ఆట ఉన్న వారంలో గురువారం నుంచి ఆమెకి నీడ ఉండదు. ఆమెలాగే చదువుకుంటూ గిన్నెలు కడిగే మార్కస్‌కీ ఉండదు, బల్లలు తుడిచే కవలపిల్లలకీ ఉండదు. తూర్పు కిటికీలోంచి ఎండ ఎంత ఏటవాలుగా పడినా వంటగది నేల మీద కనిపించేది పెద్ద వంటమనిషి బెర్నిస్ నీడ ఒక్కటే. ఆవిడకి ఫుట్‌బాల్ అంటే గిట్టదు. మిగిలినవాళ్ళ నీడలన్నీ స్టేడియంలో సీట్లు కాచుకుని కూర్చుంటాయి.

విద్యార్థుల టిక్కెట్టు మీద సీటు నంబరు ఉండదు. ముందొచ్చినవాడిది ముందు వరస. పన్నెండింటి ఆటకి పనీపాటా లేనివాళ్ళు ఎనిమిదికే గేటు దగ్గర చేరతారు. పదకొండున్నర దాకా పనిలో ఉండేవాళ్ళ గతేమిటి? గురువారం ఎండ ఉండగా వెళ్ళి, నచ్చిన చోట కాసేపు కూర్చుని, "ఇక్కడే ఉండు" అని చెప్పి లేచి వస్తారు. లైబ్రరీలో కుర్చీ మీద పుస్తకం పెట్టి రావడం లాంటిదే. ఒకరి నీడ మీద ఇంకొకరు కూర్చోరు. అడక్కుండా ఎవరి ఒళ్ళోనైనా కూర్చుంటామా?

తమాషా ఏమిటంటే, ఇంత చేసి దక్కించుకున్న సీట్లో ఏ విద్యార్థీ కూర్చోడు. ఆట మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా నిలబడి గొంతు చించుకోవాల్సిందే. పొరపాటున ఎవడైనా కూలబడ్డాడా, "ఏం తాతా, మోకాళ్ళు పట్టేశాయా?" అని చుట్టూ ఉన్నవాళ్ళు ఏడిపించి చంపుతారు.

మొదటి రెండేళ్ళూ రొవీనా నీడని వదలడానికే జంకింది. ఎవరు ఏమనుకుంటారో అని. ఆ రెండేళ్ళూ స్కోరుబోర్డు వెనక, పై మూల, సగం మైదానమే కనిపించే చోట నిలబడి చూసింది. మూడో ఏడు బెర్నిస్ గరిటె చూపించి తిడితేగాని కదల్లేదు. నాలుగో వరసలో, డప్పులు వాయించే బ్యాండు వెనకాల, నీడని కూర్చోబెట్టి వచ్చింది. సెప్టెంబరులో మొదటి ఆట రోజు అక్కడ నిలబడి, పక్కవాళ్ళతో పాటు నోరు తెరిచి అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకి అంతదాకా తెలీదు. వారమంతా "గట్టిగా వేపు, మెత్తగా వేపు" అని పురమాయించేవాళ్ళే తప్ప, ఆమె మాట వినేవాళ్ళు ఎవరూ లేరు. ఆ మూడు గంటలు మాత్రం ఎదుటి జట్టువాళ్ళు కూడా ఆమె గొంతుకి జడుసుకోవాలి. ఇప్పుడు ఆ చోటు పోతుందంటే ఆమెకి ఊపిరాడనట్టుంది.

ఎందుకు పోతుందంటే, అక్టోబరులో టిక్కెట్ల ఆఫీసుకి టాలివర్ అనే కొత్త అధికారి వచ్చాడు. వచ్చీ రాగానే భోజనశాల తలుపుకి ఒక కాగితం అంటించాడు. గేటు దగ్గర ఎంత ముందు టిక్కెట్టు చూపిస్తే అంత ఎక్కువ పాయింట్లు. పాయింట్లు ఉన్నవాళ్ళకి కింది పది వరసలు, లేనివాళ్ళకి పై మూల. ఫ్రాటర్నిటీ ఇళ్ళవాళ్ళు, అంటే సంఘం కట్టి ఒకే ఇంట్లో ఉండే కుర్రాళ్ళు, గుంపుగా వస్తే గుంపుకంతటికీ ఒకే చోట సీట్లు. నీడలు చెల్లవు. శుక్రవారం సాయంత్రం అయిదులోగా ఎవరి నీడని వాళ్ళు తీసుకుపోవాలి. లేదంటే ఆ ఏడాదికి టిక్కెట్టు రద్దు.

"అంటే ఏంటట? పని చేసుకునేవాళ్ళు చదువుకునేవాళ్ళు కాదనా?" అన్నాడు మార్కస్, చేతులకి నురగతోనే వచ్చి.

"ఆ గుంపులకి టిఫిను పెట్టేదెవరో?" అంది కవలల్లో ఒకత్తె. "మనం ఆరున్నరకే వండి వడ్డిస్తేనేగా వాళ్ళు ఎనిమిదికి గేటు దగ్గరుండేది."

"మరి వెళ్ళి ఆ మాట వాడి మొహం మీద అనండి. నాకు చెప్తారేం?" అంది బెర్నిస్.

ఎవరూ అనలేదు. టిక్కెట్టే పోతే పై మూల కూడా దక్కదు కదా. శుక్రవారం మధ్యాహ్నానికి ఒక్కొక్కళ్ళే వెళ్ళి నీడల్ని తెచ్చేసుకున్నారు. అందరికంటే ఆఖర్న రొవీనా బయల్దేరింది. ఎదురుతిరగడానికి కాదు. ఆమె కూడా తెచ్చేసుకోవడానికే వెళ్ళింది.

విద్యార్థుల వైపు గేటు చూసే ముసలాయన డెల్బర్ట్ ఫోగెల్ మెట్లు ఊడుస్తున్నాడు. అంత పెద్ద స్టేడియంలో ఆమె నీడ ఒక్కటే మిగిలింది. అల్యూమినియం బల్ల మీద వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

"రా, పోదాం" అంది రొవీనా.

నీడ కదల్లేదు.

పక్కన కూర్చుని లేచింది. మామూలుగా అయితే అలా లేస్తే చాలు, కాళ్ళకి అంటుకుని వచ్చేస్తుంది. ఈసారి రాలేదు. రెండు చేతులతోనూ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "సారీ, కానీ రావాలి. రూలు" అని బతిమాలింది రొవీనా. నీడ తల అడ్డంగా ఊపింది.

అయిదుకి పది నిమిషాలుందనగా టాలివరే స్వయంగా వచ్చాడు, చేతిలో జాబితాతో. "ఇదొక్కటే మిగిలింది. లేపు" అన్నాడు.

"లేవనంటోందండీ."

"నీ నీడే కదా? నువ్వు చెప్తే వినదా?"

"చెప్పాను. నా మాట వినట్లేదు."

"నీ మాట నీ నీడే వినకపోతే అది నా తప్పా? అయిదు దాటితే నీ టిక్కెట్టు రద్దు. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దు."

రొవీనాకి సిగ్గేసింది. టాలివర్ అన్న మాటకి కాదు. ఇరవయ్యేళ్ళుగా తను ఒక్కసారీ చేయలేని పని తన నీడ చేస్తోంది, తను పక్కన నిలబడి దాన్ని బతిమాలుతోంది. నాలుక చివరిదాకా వచ్చిన "సారీ"ని మింగేసింది.

"అయితే ఉండనీండి" అంది. "అందరికంటే ముందొచ్చింది. అందరికంటే చివరిదాకా ఉంది. మీ పాయింట్ల లెక్కన చూసినా ఆ సీటు దానిదే."

టాలివర్ చేతి గడియారం చూసుకుని, జాబితాలో ఆమె పేరు మీద అడ్డగీత గీసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదకొండు నలభైకి ఆమె ఏప్రన్ కూడా విప్పకుండా గేటు దగ్గర నిలబడింది. ఎందుకొచ్చిందో తనకే సరిగ్గా తెలీదు. నీడని అక్కడ ఒంటరిగా వదిలేసి తను గదిలో దుప్పటి కప్పుకుని పడుకోలేకపోయింది, అంతే. డెల్బర్ట్ ఆమె ఫోనులోని టిక్కెట్టు మీద స్కానింగు యంత్రం పెడితే ఎర్రదీపం వెలిగింది. ఇంకోసారి పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే.

"నీ టిక్కెట్టు చచ్చిపోయింది, అమ్మాయ్."

"తెలుసు తాతా."

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. వెనక వరసలో జనం తోసుకుంటున్నారు. "టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి రానివ్వద్దన్నారు, సరే" అన్నాడు. "సగం మనిషి ముందే లోపల కూర్చుని ఉంటే మిగతా సగాన్ని బయట ఆపమని మాత్రం ముప్ఫై ఏళ్ళలో నాకెవరూ చెప్పలేదు. నడు, నడు, దారికి అడ్డం."

నాలుగో వరసంతా ఒకే రంగు చొక్కాలు వేసుకున్న ఫ్రాటర్నిటీ కుర్రాళ్ళు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ పక్కన గ్రేడన్ లిండ్‌క్విస్ట్ అనే పొడుగాటివాడు కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"ఇది నీదేనా?" అన్నాడు. "హమ్మయ్య, వచ్చావు! పొద్దున్నుంచి దీన్ని తొక్కకుండా నిలబడలేక చచ్చాం. ఎంత చెప్పినా జరగదే!"

రొవీనా వెళ్ళి తన చోట నిలబడింది. నీడ మాత్రం కూర్చునే ఉంది. బ్యాండు మొదలైంది, డప్పుల మోతకి బల్ల అదిరింది. ఆమె నోరు తెరిచి, మొన్నటికంటే గట్టిగా అరిచింది.

ఆట రెండో పావుభాగంలో టాలివర్ ఆమెని కనిపెట్టాడు. మెట్లు దిగి వచ్చి, వరస చివర నిలబడి వేలు చూపించాడు. "నువ్వే. బయటికి నడు."

రొవీనా ఆయన్ని చూసింది. కింద తన నీడని చూసింది. రాత్రి మంచులో, పగటి ఎండలో రెండు రోజులుగా అది అలాగే కూర్చుంది, ఒంటరిగా. దాన్ని ఎవరూ "తాతా" అని ఏడిపించలేదు, ఏడిపించినా అది పట్టించుకునేది కాదు. రొవీనా ఏప్రన్ సర్దుకుని దాని మీదే కూర్చుంది. నీడ అరికాళ్ళ దగ్గర్నుంచి ఆమెకి అతుక్కుంది. అతుక్కుని, ఆమెని బల్లకేసి పట్టేసింది.

"లే!" అన్నాడు టాలివర్.

"లేవను. కావాలన్నా లేవలేను."

పై మూల నుంచి మార్కస్ చూశాడు. ఫుట్‌బాల్ ఆట జరుగుతుంటే విద్యార్థుల వైపు ఒక మనిషి కావాలని కూర్చోవడం ఆ స్టేడియం ఎన్నడూ ఎరగదు. ఎందుకు కూర్చుందో వాడికి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. వాడూ కూర్చున్నాడు. పక్కన కవలపిల్లలు కూర్చున్నారు. లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాళ్ళు, ఆస్పత్రిలో దుప్పట్లు మడిచేవాళ్ళు, స్కోరుబోర్డు వెనక్కి నెట్టేసినవాళ్ళందరూ వరసగా కూర్చున్నారు. ఆ కూర్చోవడం మెట్టు మెట్టూ కిందికి దిగింది. గ్రేడన్ వెనక్కి తిరిగి చూసి, "ఆ పాయింట్ల కోసం మమ్మల్నీ ఏడింటికే లేపారు వీళ్ళు" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. వాడి వెంట వరసంతా కూర్చుంది.

నాలుగు వేల మంది. ఒక్క గొంతూ లేదు.

మైదానంలో బంతి ఎదుటి జట్టు చేతిలో ఉంది. ఇలాంటప్పుడే విద్యార్థులు చెవులు చిల్లులు పడేలా అరిచి, ఎదుటివాళ్ళకి వాళ్ళ నాయకుడి కేక వినబడకుండా చేస్తారు. ఆ రోజు వాడు చెప్పింది పైవరసలకి కూడా వినిపించింది. నింపాదిగా బంతి విసిరారు, నింపాదిగా గీత దాటించారు. హాల్‌స్టెడ్ ఆటగాళ్ళు నడుం మీద చేతులు వేసుకుని పైకి చూశారు. కోచ్ టోపీ నేలకేసి కొట్టాడు.

టాలివర్ జేబులో ఫోను మోగింది. విన్నాడు. "అవునండీ" అన్నాడు. "చూస్తున్నానండీ" అన్నాడు. వెనక నుంచి ఎవరో అరిచారు: "ఏయ్ పెద్దమనిషీ, కూర్చో! ఏమీ కనిపించట్లేదు!" అప్పుడు గమనించాడాయన, అంత జనంలో నిలబడి ఉన్నది తనొక్కడే.

రొవీనా దగ్గరికి వంగాడు. "ఏం కావాలి నీకు?"

"పనికెళ్ళేవాళ్ళు నీడని ఎక్కడ కూర్చోబెడితే అక్కడే వాళ్ళ సీటు. ఏ గుంపుకైనా సరే, సీట్లు ఆ తర్వాతే."

ఆయన తల ఊపాడు.

"తల ఊపితే సరిపోదు. అందరికీ వినబడేలా చెప్పండి."

"ఇదేమన్నా..." అని ఆపేశాడు. మైదానం వైపు చూశాడు. కోచ్ అక్కడి నుంచి ఆయన్నే చూస్తున్నాడు. టాలివర్ గొంతు సవరించుకుని, పై మూల దాకా వినిపించేలా చెప్పాడు. అంత నిశ్శబ్దంలో ప్రతి మాటా వినిపించింది. మార్కస్ పైనుంచి "ఇంకోసారి!" అన్నాడు. ఇంకోసారి చెప్పాడు.

రొవీనా కాళ్ళ కింద పట్టు సడలింది. ఆమె లేచి నిలబడింది. ఆమెతో పాటు ఆమె నీడా లేచింది. వెనకాల నాలుగు వేల మంది ఒక్కసారిగా లేచిన చప్పుడుకి బల్లలన్నీ దడదడలాడాయి. ఎదుటి జట్టు నాయకుడు తనవాళ్ళ వైపు తిరిగి ఏదో అరిచాడు. ఒక్కడికీ వినిపించలేదు.