తొమ్మిది కోతలు

నేను ఒక బ్లేడును, ఆపరేషన్లకు వాడే సన్నరకం. ఫ్యాక్టరీలో నన్ను కాల్చారు, ముంచారు, రాతిమీద రుద్ది రుద్ది పదును తేల్చారు. ఇంత హింసా పెట్టి వెండికాగితంలో ముద్దుగా చుట్టారు. మనుషుల పద్ధతే అంత. ఏ గుండెనో కోసి పేరు తెచ్చుకుందామనుకుంటే, విశాఖలో ఒక కాలేజీ ల్యాబుకి పురుగుల్ని కోయడానికి వచ్చిపడ్డాను.

ప్లనేరియా అంటారు వాటిని. వేలిగోరంత చదును ఒళ్ళు, మెల్లకన్ను పెట్టినట్టు రెండు చుక్కలు. నరికితే తలకి మొండెం మొలుస్తుంది, మొండేనికి తల. అదెలాగో తేల్చడానికి సుభాషిణి అనే రీసెర్చి అమ్మాయి మూడేళ్ళుగా నరుకుతోంది. అన్నీ ఒకే పురుగు ముక్కల నుంచి పెరిగిన వంశం. అది పోతే ఆమె చదువూ పోయినట్టే.

ఆ పురుగుల్ని ఉంచే గిన్నెలు కడిగేది పోలయ్య. ఐదో తరగతిలో బడి మానేసి, హార్బరులో ఇరవయ్యేళ్ళు చేపలు కోసినవాడు. ఆ గిన్నెలకు సబ్బు తగలకూడదని అతనికెవరూ చెప్పలేదు. చదువు లేనివాడికి కారణాలెందుకు?

ఒకరోజు మధ్యాహ్నానికి పురుగులన్నీ విరిగిన పాలలా నీళ్ళలో తేలాయి.

"సబ్బు వేశావా పోలయ్యా?"

"జిడ్డున్నాదని పెద్దసారు తిట్నారు కదమ్మా. శుబ్బరంగా తోమీసినాను."

"మూడేళ్ళు తోమేశావు!"

గిన్నె గోడకేసి కొట్టింది. గాజుపెంకు ఎగిరి పోలయ్య నుదురు చీల్చింది. నెత్తురు కళ్ళలోకి కారుతున్నా అతను కదల్లేదు.

కడగని పాతగిన్నెలో ఒక్క పురుగు మిగిలింది. ముక్కలు చేస్తేనే వంశం నిలిచేది. నలిగితే అదీ చస్తుంది. సుభాషిణి నన్ను పట్టుకుంది. చెయ్యి వణికిపోతోంది.

"ఇలాగియ్యండమ్మా. నెత్తళ్ళలాటి సన్నసేపలు కోసిన చెయ్యిది. ఎన్ని?"

"తొమ్మిది. చేతులకి సబ్బుందా?"

"నేదమ్మా. సబ్బంతా మీ పురుగులకే అయిపోనాది."

"నలిగిందో, చంపేస్తాను."

"సంపండి. ముందు కోయనియ్యండి."

నెత్తురు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, నన్ను ఎనిమిదిసార్లు దించాడు. ఒక్క ముక్కా నలగలేదు. తొమ్మిదో కోత ఏదని నేననుకునేలోగా, ఎనిమిది కోతలకే తొమ్మిది ముక్కలవుతాయని అతను నన్ను పక్కన పెట్టేశాడు. లెక్కలో తొమ్మిదోది అతని నుదుటిది.

నన్ను వాడేసిన బ్లేడ్ల డబ్బాలో పారేశారు. పదోరోజుకి తలముక్కకి మొండెం, మిగతా ఎనిమిదింటికీ తలలు వచ్చాయి. సుభాషిణి వెక్కివెక్కి ఏడ్చింది. పోలయ్య నుదుటి కుట్ల సంగతి అడగలేదు. కళ్ళు తుడుచుకుని ఒక కొత్త వెండికాగితం చింపింది. ఆ పదహారు లేతకళ్ళ ముందు మొట్టమొదట మెరిసింది ఇంకో బ్లేడు.