రాట్‌హౌస్‌కు మైసూర్‌పాక్

జర్మనీలోని ఆ రాష్ట్రంలో స్థానిక ఎన్నికల నియమాలు ఈ ఏడాదే మారాయి. వోల్ఫ్స్‌బర్గ్ పక్కనున్న ఆ చిన్న ఊళ్లో విదేశీయుల సలహా మండలి అని ఒకటుంది. నిన్నమొన్నటి దాకా అందులో ఎవరు కూర్చోవాలో మేయరే తేల్చేవాడు. ఇకమీదట ఊళ్లో ఉంటున్న విదేశీయులే ఓటేసి ఎన్నుకోవాలి. కార్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని తెలుగువాళ్లు అక్కడ బాగానే ఉన్నారు గనక, ఒక సీటు మనదేనని అందరూ ముందే లెక్కేసుకున్నారు.

ఆ సీటుకు విక్రాంత్‌తో పాటు తబిత కూడా నామినేషన్ వేసింది. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. కొత్త నియమాలను జర్మన్‌లోనే, డిక్షనరీ పక్కన పెట్టుకుని చివరిదాకా చదివింది. కూతురు వెళ్లే కీటాను, అదే పిల్లల బడిని, మధ్యాహ్నం రెండింటికే మూసేస్తామన్నప్పుడు తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క విదేశీ తల్లి కూడా నోరు విప్పలేకపోయింది. తనైనా విప్పాలని ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

ఆదివారం తెలుగు సంఘం వాళ్లు అద్దె హాల్లో భోజనాలు పెట్టారు. జనం తింటూ ఉండగానే అధ్యక్షుడు కమలాకర్ లేచాడు.

"చెల్లె తబితా, నువ్వు విత్‌డ్రా చేస్కో. విక్రాంత్‌ను ఏకగ్రీవం జేద్దాం. రెండేండ్లు మన పండుగలకు హాల్ కిరాయి తనే పెట్టుకుంటనన్నడు."

"హాలు కిరాయికి సీటు అమ్మేస్తారా అన్నయ్యా?"

"అమ్ముడేంది? మన దిక్కు సర్పంచులకు చేస్తలేరా? మనల మనకు కొట్లాటైతే జర్మనోళ్ల ముందట ఇజ్జత్ పోతది."

"వేలంపాట ఇంకా కొట్టెయ్యలేదు జోనాథన్ గారూ, భార్య తరఫున మీరూ పాడండి!" అని వెనక నుంచి రోహిత్ అరిచాడు. హాలంతా నవ్వింది. తబిత భర్త జోనాథన్ కూడా నవ్వాడు. విక్రాంత్ పెళ్లికొడుకులా తలొంచుకుని కూర్చున్నాడు. ఛాయాదేవి పక్కావిడ చెవిలో, తబితకు వినబడేలాగే అంది. "వీళ్లకిస్తే రేపు మండలిలో కూడా ప్రార్థనలే."

తబితకు వాళ్లందరి మీదా రోత పుట్టింది. ఇంత దూరం వస్తూ సామానుతో పాటు ఈ కుళ్లునూ మోసుకొచ్చారు. బరువెక్కువైందని ఏ ఎయిర్‌పోర్టులోనూ ఎవరూ ఆపలేదు.

"నేను తప్పుకోను," అని ప్లేటు వదిలేసి లేచింది.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. రాట్‌హౌస్ నుంచి, అంటే మున్సిపల్ ఆఫీసు నుంచి, ఎన్నికల పని చూసే ఫ్రౌ హార్ట్‌విగ్.

"మీరు పోటీ నుంచి తప్పుకున్నారని చెప్పడానికి ఇద్దరు వచ్చారు," అందావిడ జర్మన్‌లో. "స్వీటు డబ్బా కూడా తెచ్చారు. మీ భర్త ఒప్పుకున్నారట, అది చాలదా అంటున్నారు. నిజమేనా?"

తబిత ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి జోనాథన్ వైపు తిరిగింది.

"నువ్వు ఒప్పుకున్నావా?"

"విక్రాంత్ నా టీమ్ లీడ్, తబితా. కాంట్రాక్ట్ రెన్యువల్ వాడి చేతిలో ఉంది. ఉద్యోగం పోతే బ్లూకార్డ్ గతి ఏంటి, ఇక్కడ ఉండనిస్తారా?"

"నన్నడగాలనిపించలేదా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవుగా."

ఒక్క క్షణం 'అవును, తప్పుకున్నాను' అనే మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. వాళ్లందరి మీదా కలిగిన రోత అప్పుడు తన మీదే కలిగింది.

"లేదు," అంది ఫోన్లో. "పోటీలోనే ఉన్నాను. పేరు తియ్యాలంటే నేనే వచ్చి సంతకం పెట్టాలి. నేను రావడం లేదు."

"వాళ్లకూ అదే చెబుతున్నాను. ఈ డబ్బా పట్టుకెళ్లమంటే వినడం లేదు."

వెనక నుంచి కమలాకర్ గొంతు వినబడింది. "మేడమ్, ప్లీజ్! ఓన్లీ మైసూర్‌పాక్!"

తబిత ఫోన్ పెట్టేసింది.

"ఇక ఆఫీసులో వాడి మొహం ఎలా చూడను?" అన్నాడు జోనాథన్.

"ఇప్పుడు నా మొహం చూస్తున్నావుగా. అలాగే."

కాసేపటికి సంఘం వాట్సాప్ గ్రూపులోంచి ఆమెను తీసేశారు. ఆమె ఆ సంగతి భర్తకు చూపించింది.

"నువ్వూ బయటికొస్తావా?"

జోనాథన్ తన ఫోన్‌ను బోర్లించి బల్ల మీద పెట్టాడు. తబిత ఎంతసేపు చూసినా, గ్రూపులోంచి బయటికి రావడానికి అతను దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోలేదు.