గుమ్మంలోంచి చూసేవాళ్లు

చిత్రకారుడు చెరువు బొమ్మను చుక్కలతోనే వేస్తున్నాడు. నీలం చుక్క పక్కన పసుపు చుక్క పెడితే, దూరం నుంచి అది పచ్చగడ్డిలా కనిపించాలి. ఇదివరకు గుమ్మంలో నిలబడి చూసి చెప్పేది వాళ్లక్క. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆయనే లేచి గుమ్మం దాకా వెళ్లి చూసుకుంటాడు. తిరిగొచ్చేసరికి ఎక్కడ ఏ రంగు తక్కువైందో మరిచిపోతాడు.

ఒక మధ్యాహ్నం కొరియర్ అతను రంగుల పార్సిల్ తెచ్చాడు.

"కాస్త అక్కడే నిలబడి చూడు బాబూ, ఎలా ఉంది?"

"నీళ్ల మీద ఎండ బాగుందండీ. ఎడమ గట్టే చీకటిగా ఉంది."

చిత్రకారుడు గట్టు మీద పసుపు చుక్కలు పెట్టాడు. "ఇప్పుడో?"

"ఆఁ, ఎండొచ్చింది."

"రేపు కూడా వస్తావా?"

"పార్సిల్ ఉంటే వస్తానండీ."

అతను వెళ్లగానే, ఇంట్లో డజను ఉన్నా, ఆయన ఇంకో పసుపు రంగు ట్యూబుకు ఆర్డరు పెట్టాడు.