పచ్చకొండ మీద ఊదారంగు స్వెట్టరు

నేను ఒక ఊదారంగు స్వెట్టరుని. పుట్టింది లూథియానాలో, మిషను మీద. నన్ను అమ్మినవాళ్ళు మాత్రం నేపాల్లో చేత్తో అల్లిన సరుకని చెప్పి, డిసెంబరు నెలలో పాలకొల్లు బస్టాండు పక్కన తాడుకి వేలాడదీశారు. కింద మనుషులు పొట్టిచేతుల చొక్కాలతో చెమటలు తుడుచుకుంటూ పోతున్నారు. ఈ ఊళ్ళో నాతో ఎవరికేం పనో నాకు బోధపడలేదు.

అలా చూస్తుండగానే రత్నరాజు వచ్చాడు. "మా ఆవిడకండి. మస్కట్‌లో నర్సు. హాస్పిటల్ ఏసీకి వణికిపోతోందంట," అన్నాడు. సైజు అడిగితే తెల్లమొహం వేశాడు. రెండు చేతులూ దగ్గరగా పెట్టి ఇంత అన్నాడు. కాస్త ఎడం చేసి, ఇంతేమో అన్నాడు. చివరికి అమ్మేవాడే జాలిపడి నన్ను తీసిచ్చాడు.

మస్కట్ అంటే మంచు కురిసే చోటనుకున్నాను. విమానం దిగితే ఇసుకా, ఎండా. రత్నరాజు అదే దేశంలో సొహార్ అనే ఊళ్ళో వెల్డరు. భార్య దీవెన మస్కట్‌లో. మధ్యన రెండు గంటల దారి. అతని క్యాంపులోకి ఆడవాళ్ళని రానివ్వరు, ఆమె హాస్టల్లోకి మగవాళ్ళని రానివ్వరు. పైగా ఆమెకి సెలవున్ననాడు అతనికి డ్యూటీ. పెళ్ళయి అయిదేళ్ళయినా వాళ్ళు ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ పోగేస్తే ఒక వేసవి సెలవులంత. ఫోన్లో మాత్రం రోజూ మాట్లాడుకుంటారు. తిన్నావా అని ఒకరు, తిన్నానని ఒకరు.

నన్ను చేతిలో పెడితే దీవెన "బావుందండీ" అంది. పేషెంటు తాలూకు వాళ్ళు పళ్ళు తెచ్చిస్తే ఎలా అంటుందో అలాగే. వార్డులో యూనిఫాం మీద ఇంకేమీ వేసుకోకూడదట. ఆ ముక్క ఆమె అతనికి చెప్పలేదు. నేను మంచం కింద పెట్టెలో పడున్నాను.

జనవరి నెలాఖరున ఇద్దరికీ శుక్ర, శనివారాలు కలిసొచ్చాయి. రత్నరాజు తెలిసినవాళ్ళ జీపు అడిగి తెచ్చాడు. "కొండల మీద ఊళ్ళున్నాయంట, చలంట. ఆ స్వెట్టరు పెట్టుకో," అన్నాడు.

పొద్దున్నే నిజ్వా ఊళ్ళో మేకల సంతకి వెళ్ళారు. అక్కడ మనుషులు గుండ్రంగా కూర్చుంటే, మేకల్ని వాళ్ళ చుట్టూ ప్రదక్షిణ చేయిస్తున్నారు. రత్నరాజు చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూశాడు. దీవెన ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. అతను ప్రేమగా హల్వా కొనితెచ్చాడు.

"నేను తీపి తిననండీ."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందునుంచీ."

అతను హల్వా డబ్బా మూతపెట్టాడు. మళ్ళీ తెరిచి, అంతా తనే తినేశాడు.

కొండ పేరు జబల్ అఖ్దర్. అంటే పచ్చకొండ అట. ఎక్కుతున్నంతసేపూ నాకు మట్టిరంగు రాయి తప్ప ఆకు కనిపించలేదు. మనుషులు పేర్లెలా పెడతారో నాకు అర్థం కాదు. పైకెళ్ళాక మాత్రం గాలి ఒక్కసారిగా మారింది. దీవెన నన్ను తీసి తొడుక్కుంది. మొదటిసారి ఒక మనిషి వొంటిమీదికి వచ్చాను. సంబరపడబోయాను గానీ, లోపల ఆమె గుండె దడదడలాడుతోంది. ఎత్తు వల్లేమో అనుకున్నాను.

లోయ అంచున రాతి ఇళ్ళ ఊరు. కింద మెట్లుమెట్లుగా మళ్ళు, ఆకులు రాల్చిన దానిమ్మ చెట్లు, సన్నటి కాలవలో గలగలమంటూ నీళ్ళు. అక్కడ గదులు అద్దెకిచ్చే ముసలాయన పేరు సయీద్. హిందీ వచ్చు. వీళ్ళిద్దరూ నిలబడిన తీరు చూసి, "రెండు గదులా?" అని అడిగాడు. "ఒకటే," అన్నాడు రత్నరాజు గట్టిగా. ముసలాయన నొచ్చుకుని ఖర్జూరాలు పెట్టాడు.

మర్నాడు పొద్దున్న మళ్ళ గట్ల మీదుగా పక్క ఊరికి నడక మొదలుపెట్టారు. రత్నరాజు ముందు, దీవెన వెనక. తలొంచుకుని నడుస్తోంది. మధ్యదారిలో అతనే ఆగి, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మాట బయటపెట్టాడు.

"పాలకొల్లులో షాపుకి గది మాట్లాడొచ్చాను. గేట్లు, గ్రిల్స్ పని. జూన్‌కల్లా వెళ్ళిపోదాం దీవెనా. ఈ ఫోన్ల కాపురం ఇంక చాలు."

ఆమె గుండె ఎందుకు కొట్టుకుంటోందో నాకప్పుడు తెలిసింది.

"నాకు ఐర్లండ్‌లో ఉద్యోగం వచ్చిందండీ. రేపటికల్లా జవాబు చెప్పాలి."

"దానికి పరీక్ష రాయాలిగా, ఎప్పుడు రాశావ్?"

"అయిపోయి చాలారోజులైంది."

"రోజూ మాట్లాడతన్నాం గదా!"

"రోజూ తిన్నావా అనే అడుగుతారు."

"నువ్వు మాత్రం ఏవడిగావ్?"

ఎవరిది తప్పో నాకు తేలలేదు. అతనన్నప్పుడు అతనిదే న్యాయమనిపించింది, ఆమె అన్నప్పుడు ఆమెది. రత్నరాజు గిర్రున తిరిగి కింది గట్టు వైపు నడిచిపోయాడు. అప్పటిదాకా లోయలో పడుకున్న మంచు సరిగ్గా అప్పుడే లేచింది. చెట్లు పోయాయి, దారి పోయింది, మనిషీ పోయాడు.

"ఏవండీ!" అని కేకేసింది దీవెన. కొండ తిరిగి అదే అంది. ఆ మంచులో ఏవండీ అంటే ఎవరని పలుకుతారు? మరికాస్త ఆగి, గొంతు చించుకుని, "రత్నరాజూ!" అంది. అతని పేరు పెట్టి పిలవడం అదే మొదలనుకుంటాను, అన్నాక తనే ఉలిక్కిపడింది. అయినా జవాబు రాలేదు. అక్కడ అడుగు తప్పితే లోయే.

వచ్చిన దారినే తడుముకుంటూ సయీద్ దగ్గరికి చేరింది. ముసలాయన చేతికర్ర తీసుకుని, నలుగురికీ చెబుదామని అడిగాడు.

"ఏ రంగు చొక్కా?"

దీవెన నోరు తెరిచింది. నీలమా? తెలుపా?

"పోనీ, గడ్డం ఉందా?"

కిందటివారం వీడియోలో ఉంది. ఇవాళ ఉందో లేదో గుర్తు రావడం లేదు. వార్డులో ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరికి ఏ మందు పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. నా అంచుని పిడికిట్లో నలిపేస్తూ, "తెలీదు... నా భర్త... తెలీదు," అంటూ ఏడ్చేసింది.

ముసలాయన చేతికర్రతో ముందు నడిచాడు. ఇద్దరూ గట్లు దిగుతూ, కాలవ చప్పుడు పట్టుకుని వెతికారు. కింద ఒక దానిమ్మ చెట్టు మొదట్లో మూలుగు వినిపించింది. తడిరాయి మీద జారి పడ్డాడు రత్నరాజు. చీలమండ కొబ్బరిబోండంలా వాచిపోయింది. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి.

దీవెన ఏడుపు ఎటుపోయిందో పోయింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"కదలకండి. వేళ్ళు ఆడించండి. ఇక్కడ నొప్పా? ఇక్కడా? విరగలేదు."

నన్ను విప్పి, అతని పాదం చుట్టూ చుట్టి, నా రెండు చేతుల్నీ సాగదీసి బిగించి ముడేసింది. నేను ఉన్నదే చలికి వేసుకోవడానికనుకున్నాను. తీరా కట్టుగుడ్డనయ్యాను. ఆ రోజు సాగిన చేతులు మళ్ళీ ముడుచుకోలేదు.

రత్నరాజు నొప్పి మరిచిపోయి ఆమె చేతులకేసే చూస్తున్నాడు.

"నువ్విలా ఉంటావని నాకు తెలీదే."

"మీరెలా ఉంటారో నాకూ తెలీదు. చొక్కా రంగడిగితే చెప్పలేకపోయాను."

చొక్కా గోధుమరంగుది. గడ్డం లేదు. ఆమె అప్పుడు చూసుకుంది.

"వెళ్తావా మరి?"

"వద్దంటారా?"

"వద్దనడానికి నేనెవర్ని? తీపి తినవన్న సంగతే నిన్న తెలిసినోణ్ణి." ముడి తడుముకుంటూ, "ఎలా చెప్పాలో తెలీటం లేదు దీవెనా. నువ్వెళ్తే కోపం. వెళ్ళకపోతే నావల్లే ఆగిపోయావని భయం," అన్నాడు.

"నాకూ అంతే," అందామె. ఏది అంతే అన్నదో నాకు తెలియలేదు.

అతను జీపు నడపలేడు, ఆమెకి నడపడం రాదు. క్యాంపు నుంచి స్నేహితుడు వచ్చేదాకా ఇంకో రోజు అక్కడే ఆగిపోయారు. ఆ రోజంతా వాళ్ళు మాట్లాడుకున్నంత మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. సగం మాటలు పోట్లాట. ఆదివారం దీవెన ఉద్యోగం చూపించిన మస్కట్ ఏజెంటుకి ఫోన్లో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. పెట్టేసి, "వస్తానన్నాను. మీరూ రావాలి," అంది. రత్నరాజు కిటికీలోంచి కొండ చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ముందు వెళ్ళింది. అతను ఏడాదికి గానీ రాలేదు. ఆ ఏడాదిలో షాపు గది అద్దెకి తీసుకోవడమూ అయింది, వదిలేయడమూ అయింది. ఇప్పుడు ఐర్లండ్‌లో ఒక చిన్న ఊళ్ళో, ఎప్పుడూ వాన పడే వీధిలో ఉంటున్నారు. అతను అక్కడే ఒకచోట గేట్లు అతుకుతాడు. సంతోషంగా ఉన్నాడా అంటే చెప్పలేను. పని ఎలా ఉందని దీవెన అడిగితే "పర్లేదు" అంటాడు. ఆ మాటకి అర్థం ఆమెకే తెలియాలి.

మోచేతుల దగ్గర చిరిగాక నన్ను వంటింటి కిటికీ సందులో కుక్కారు, గాలి రాకుండా. ఇక్కడినుంచి అన్నీ వినిపిస్తాయి. మొన్న, వచ్చే వేసవికి ఇంటికి వెళ్ళాలా వద్దా అని మొదలుపెట్టి, అది ఎటో వెళ్ళి, కూరలో ఉప్పు దగ్గర ఆగింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరు వెళ్దామంటున్నారో, ఎవరు వద్దంటున్నారో మధ్యలో నాకు కలిసిపోయింది. అంతలో ఈదురుగాలి కొట్టింది. నేను సందులోంచి సగం జారాను. మాటలు ఆగకుండానే రెండు చేతులు ఒక్కసారే వచ్చి నన్ను లోపలికి నెట్టాయి.

ఏ చెయ్యి ఎవరిదో నాకు తెలియలేదు.