నీళ్ళోసుకుంది

డయాలసిస్ చేయించుకునే ఆడమనిషికి కడుపు వస్తుందా, రాదా? పెనుకొండలోని ఒక డయాలసిస్ కేంద్రంలో తొమ్మిదేళ్ళుగా నర్సుగా ఉన్న నీలావతికి ఈ అనుమానం తీరనే లేదు. రాదనే అందరూ అనుకునేవారు, తనూ అలాగే సరిపెట్టుకుంది. సూది గుచ్చడం, బీపీ చూడడం, ఒంట్లో చేరిన నీళ్ళు తీయడం నేర్పారు గానీ, ముట్టు సంగతి ఎవరూ నేర్పలేదు. డాక్టరును అడగాలంటే సిగ్గు.

ఆ సోమవారం ఎర్రమంచి నుంచి భాగ్య అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. తూకం చూస్తే బరువు మళ్ళీ పెరిగింది.

"ఏమవ్వా, నీ కోడలు దావలో చెరువు తాగొచ్చినట్టుండాదే!" అన్నాడు పక్క మంచం మీది ఉలిగప్ప.

భాగ్య నవ్వలేదు. "గుక్కెడు కూడా ఎక్కువ తాగలేదు సిస్టరమ్మా, దేవుని తోడు."

ఆమె అత్త చౌడక్క నీలావతి చెవి దగ్గరికి వంగింది. "నీళ్ళోసుకుందేమోనమ్మా."

"మెడలో డయాలసిస్ పైపు పెట్టుకొని నీళ్ళెట్ల పోసుకుంటాదవ్వా? తడిస్తే చీము పడతాది, గుడ్డతో తుడుచుకోమని చెప్పలేదా?"

చౌడక్క వెనక్కి తగ్గి కోడలి కాళ్ళ దగ్గర కూచుంది. ఆ మాటకున్న ఇంకో అర్థం నీలావతి తన తల్లి నోట ఎన్నిసార్లు వినలేదు! ఈ వార్డులో మాత్రం అది తట్టలేదు. పెరిగిందంతా నీరేననుకుని, మూడు లీటర్లు తీసేలా మిషన్ పెట్టింది.

రెండో గంటలో భాగ్య కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. బీపీ పడిపోయింది.

"స్నానం గాదు తల్లీ, కడుపు!" చౌడక్క గుండెలు బాదుకుంది. "నాలుగో నెలేమో. పెండ్లయిన ఆరేండ్లకు..."

నీలావతి నీళ్ళు తీయడం ఆపింది, సెలైన్ ఎక్కించింది, డాక్టరుకు ఫోన్ చేసింది. "సార్, వీళ్ళకు కడుపొస్తాదా?"

"అరుదుగా వస్తుంది. వెంటనే హిందూపురం పంపించు."

అంబులెన్స్ వెళ్ళిపోయింది. 'నరసింహస్వామీ, ఇచ్చినవాడివి నువ్వే కదా. ఏమీ తెలియని నా చేతికెందుకు అప్పగించావు?' అని ఆమె లోలోపలే అడిగింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళడానికి ధర్మవరం రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది.

"బిడ్డ గుండె కొట్టుకోవడం లేదంటమ్మా," అంది చౌడక్క. "భాగ్య మాత్రం మాట్లాడతాండాది."

అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని నీలావతి రైల్లో దారిపొడుగునా ఏడ్చింది.

మరునాడు నాలుగో మంచం మీద కళావతి పడుకుని ఉంది. మూడేళ్ళ కిందట ఆమె, "నెలనెలా రావడం లేదు సిస్టర్, నాకింక పిల్లలు పుట్టరా?" అని అడిగితే, నీలావతి "రేపు చెప్తాలే" అని తప్పించుకుంది. కళావతి మళ్ళీ అడగలేదు, నీలావతీ చెప్పలేదు.

పొద్దున్నే డాక్టరును అడిగి అన్నీ తెలుసుకున్న నీలావతి, స్టూలు లాక్కుని పక్కన కూచుంది.

"నువ్వు ఒకటి అడిగింటివి కళావతీ. ముట్టు సరిగా రాకపోయినా కడుపు రావచ్చు. కానీ నీ ప్రాణానికే గండం. కావాలనుకున్నా, వద్దనుకున్నా, ముందే డాక్టరుతో మాట్లాడాల. సిగ్గయితే నేను పక్కనుంటా. ఈ నెల ముట్టు వచ్చిందా?"

కళావతి దిండు మీద తల ఆమె వైపు తిప్పింది.

"మూడేండ్లకు తెల్లారిందా సిస్టర్, నీ రేపు?"

"తెల్లారింది," అంది నీలావతి తలవంచుకుని.